పాత వీణకి పట్టిన జీర ఎలా వదిలిందంటే

ఫిబ్రవరి మొదటి వారంలో మొదలైన జీర జులై ఆఖరుకి వదిలింది. మధ్యలో అయిన ఖర్చు, పడ్డ టెన్షన్, విన్న సలహాలు అన్నీ గుర్తుండగానే రాసేస్తున్నాను. ఇంట్లో అమ్మమ్మదో అత్తగారిదో పాత వీణ ఉండి, మీటితే గరగరమంటోందని బీరువా పక్కన నిలబెట్టేసినవాళ్ళు హైదరాబాదులో చాలామందే ఉన్నారని ఈ కొన్ని నెలల్లో నాకు తెలిసింది. వాళ్ళ కోసమే ఇది.

మాది నల్లకుంట. వీణ మా మేనత్తది. 1960ల్లో బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో చేయించుకుంది. ఒకే పనస దుంగలోంచి తొలిచిన ఏకాండి వీణ, గుండ్రటి కుండకీ పొడవాటి దండికీ మధ్య అతుకు ఉండదు. అత్తయ్యకి ఇప్పుడు ఎనభై దాటాయి, కింద కూర్చోలేదు. సంక్రాంతికి విజయనగరం వెళ్ళినప్పుడు "ఇంక నా వల్ల కాదు గానీ నువ్వే పట్టుకుపోవే" అంది. తీగలు సడలించి, రెండు దుప్పట్లు చుట్టి, రైల్లో కింది బెర్తు మీద దాన్ని పడుకోబెట్టుకుని వచ్చాను. ప్రయాణంలో దానికేమీ కాలేదు.

ఇంట్లో శ్రుతి చేశాక బయటపడింది సంగతి. సారణి మీద, అంటే ముఖ్యంగా వాయించే మొదటి తీగ మీద, మధ్యమం దాకా శుభ్రంగా పలుకుతోంది. పంచమం మెట్టు (తీగల కింద అడ్డంగా ఉండే లోహపు పట్టీ) నొక్కి మీటగానే సన్నగా జిర్రుమని రేకు మోత. అక్కణ్ణుంచి కైశికి నిషాదం దాకా అదే తంతు. గమకం కోసం, అంటే స్వరాన్ని ఊపడానికి, తీగ లాగితే మధ్యలో ఒకచోట స్వరం గుటకేసినట్టు ఆగి మళ్ళీ వచ్చేది. ఇది కాక కింది స్థాయి పలికే మంద్రం తీగ మీద ఎక్కడో లోపల్నుంచి టకటకమని ఇంకో చప్పుడు. రెండూ కలిసి వినిపిస్తుంటే మొత్తం వీణే పాడైపోయిందనిపించింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అరవై ఏళ్ళ వస్తువు, నా చేతికొచ్చిన పదిహేను రోజులకే ఇలా అయిందని అత్తయ్యకి ఎలా చెప్పడం?

మొదట కోఠి వైపు ఒక షాపుకి తీసుకెళ్ళాను. అక్కడాయన వీణని బల్ల మీద పెట్టి రెండు స్వరాలు మీటి, "రేకు అరిగిందమ్మా. ఆకురాయి పట్టిస్తే సరి. సాయంత్రానికి ఇచ్చేస్తాం, 2,500 అవుతుంది" అన్నాడు. తీగల్ని మోసే చిన్న చెక్క పీటని గుర్రం అంటారు. దాని మీద, తీగల కింద పరిచి ఉండే లోహపు పలకే రేకు. ఒక్క మెట్టు నొక్కి చూడలేదు, దండి కింది బుర్ర ముట్టుకోలేదు, తీగ పాతదా కొత్తదా అని కూడా అడగలేదు. ఆ తొందర నాకు నచ్చలేదు. ఇంట్లో అడిగి వస్తానని చెప్పి అదే ఆటోలో వెనక్కి తెచ్చేశాను. (ఆటోలో వీణ పడుతుంది గానీ ఒక చివర బయటికి వస్తుంది. తర్వాతెప్పుడూ క్యాబ్ వెనక సీటే.)

సాయంత్రం మా వీణ టీచరు గారికి ఫోన్ చేస్తే ఆవిడ దాదాపు అరిచారు. "రేకు జోలికి ఎవర్నీ పోనివ్వకండి. ఆ రేకుకి కంటికి కనపడనంత వంపు ఉంటుంది. తీగ ఆ వంపు మీద రాసుకుంటూ కంపిస్తేనే వీణ నాదం. ఒక్కసారి ఎక్కువ అరగదీశారా, ఆ లోహం మళ్ళీ అతకదు. ముందు వెనక్కి తిప్పుకోగలిగిన పనులన్నీ చెయ్యండి. తిప్పుకోలేనిది ఆఖరున" అన్నారు. తర్వాతి ఐదు నెలలూ నేను పట్టుకుని వేలాడింది ఈ మాటనే.

ఆవిడ చెప్పిన మొదటి పని వింటే నవ్వొచ్చింది: వీణని ఇంకో గదిలోకి మార్చి వాయించమన్నారు. హాల్లోంచి పడగ్గదికి మార్చాను. పంచమం దగ్గర జిర్రుతో కలిసి వస్తున్న ఒక చప్పుడు మాయం! అది వీణది కానే కాదు, షోకేసు అద్దం తలుపుది. పంచమం దగ్గర ఆ అద్దం తనూ వణుకుతోంది. వీణలాంటి వాద్యం ఒక స్వరానికి గట్టిగా మోగితే గదిలో ఆ స్వరానికి స్పందించే వస్తువేదో దానితోపాటు లేస్తుంది. స్టీలు గ్లాసులు, గోడ గడియారం, కిటికీ గొళ్ళెం, ఏదైనా కావచ్చు. డబ్బు ఖర్చు పెట్టే ముందు అందరూ ఈ పని చెయ్యండి.

రెండో పనికి ఇద్దరు కావాలి. నేను ఆ చప్పుడొచ్చే స్వరాన్నే మీటుతూ కూర్చున్నాను. మా అమ్మాయి ఒక్కో భాగాన్నీ వేలితో అదిమి పట్టుకుంటూ పోయింది. దండి చివరి యాళి (సింహం లాంటి) ముఖం, తీగలు బిగించే బిరడాలు, పలక మీద నాదరంధ్రాలకి కొట్టిన గుండ్రటి బిళ్ళలు, చివర తీగలు కట్టే లంగరు దగ్గరి పూసలు, పక్కనుండే తాళపు తీగల కింది చిన్న పక్క గుర్రం. ఎక్కడ పట్టుకుంటే చప్పుడు ఆగుతుందో దొంగ అక్కడున్నట్టు. లంగరు దగ్గర ఒక పూస వదులుగా ఉంది, సరిచేశాం. మంద్రం తీగ మీద వచ్చే ఆ టకటక మాత్రం ఆగలేదు. విసుగొచ్చి మా అమ్మాయి వీణ కింద బుర్ర మీద చెయ్యేసి ఆనుకుంది. టక్కున ఆగిపోయింది.

అత్తయ్యకి ఫోన్ చేస్తే అసలు కథ చెప్పింది. "ఆ బుర్ర దానిది కాదే. అసలు సొరకాయ బుర్రని ఎనభైల్లో ఎలక కొరికేసింది. తర్వాత కాగితం గుజ్జుతో చేసింది బిగించారు. మర సరిగ్గా కూర్చోకపోతే మధ్యలో గుడ్డముక్క దోపారు." విప్పి చూస్తే ఆ గుడ్డ పట్టుకుంటే పొడైపోయింది. పాత చెప్పు పట్టీలోంచి గుండ్రంగా తోలు బిళ్ళ కత్తిరించి, మధ్యలో కన్నం పెట్టి, దాన్ని వేసి మళ్ళీ చేత్తోనే బిగించాను. స్క్రూడ్రైవరూ పట్టుకారూ వాడలేదు. పాత చెక్కలో మర ఒక్కసారి తెగితే అది పెద్ద పని. ఖర్చు సున్నా.

అలా ఫిబ్రవరిలోనే సగం చప్పుళ్ళు పోయాయి. తీగలు కూడా మార్చాను, సెట్టు 650 రూపాయలు. మంద్రం, ఇంకా కింది అనుమంద్రం తీగలకి పైన చుట్టు ఉంటుంది. అది ఎక్కడైనా వదులైతే అదీ గరగరమంటుంది, పైకి మాత్రం ఏమీ కనపడదు. ఇక్కడ ఒక జాగ్రత్త: అన్ని తీగలూ ఒక్కసారి విప్పకూడదు. గుర్రం మీద ఒత్తిడి మొత్తం పోతే అది ఉన్నచోటు నుంచి జరుగుతుంది, తర్వాత ఏ మెట్టూ శ్రుతిలో పలకదు. ఒకటి తీసి, దాని స్థానంలో కొత్తది వేసి, బిగించాకే ఇంకోటి. ముందుగా గుర్రం కాళ్ళ చుట్టూ కాగితం టేపు వేసి పెన్సిల్‌తో గీత గీసి పెట్టుకున్నాను.

శ్రుతి విషయం కూడా చెప్పాలి. మా క్లాసులో అందరం మూడు శ్రుతికి పెట్టుకుంటాం (అంకె పెరిగేకొద్దీ శ్రుతి హెచ్చు, తీగ బిగుతు). అత్తయ్య నాలుగున్నరకి వాయించేదట. తీగ ఎంత వదులుగా ఉంటే కంపించేటప్పుడు అంత వెడల్పుగా ఊగుతుంది, పక్క మెట్లకి అంత సులువుగా తగులుతుంది. నాలుగుకి పెంచితే సారణి మీది జీర కొంచెం తగ్గింది కూడా. నాలుగున్నర దాకా పోవడానికి ధైర్యం చాలలేదు. చెక్క ముసలిది, బోలెడంత కాలం వదులుగా ఉంది.

మిగిలింది పంచమం నుంచి నిషాదం దాకా వచ్చే జిర్రు. నేను మొదట్నుంచీ పంచమం మెట్టునే అనుమానిస్తున్నాను. టీచరు గారు వచ్చి చూసి, ఒక మెట్టు నొక్కినప్పుడు జీర వస్తే తీగ తగిలేది గుర్రం వైపున్న తర్వాతి మెట్టుకి అని చూపించారు. అయితే ఆ తర్వాతిది ఎత్తుగా ఉండాలి, లేకపోతే నొక్కినది కుంగి ఉండాలి. పిల్లల స్టీలు స్కేలు అంచుని తీగల పక్కన మూడు మెట్ల మీద నిలబెడితే, మధ్యది ఎత్తుగా ఉన్నచోట స్కేలు అటూ ఇటూ ఊగుతుంది. అలా చూస్తే దండి మధ్యలో నాలుగైదు మెట్లు దేని ఎత్తు దానిదే. పైగా కంచు మెట్ల మీద సారణి కింద గోరు పట్టేంత గాడి పడిపోయింది. నాకు గమకంలో గుటకపడేది ఆ గాడిలోనే. మెట్లని పట్టుకునే మైనం గట్లు బూడిద రంగుకి తిరిగి బీటలిచ్చాయి. అంటే మేళం కట్టించాల్సిందే. మొత్తం 24 మెట్లూ పీకి, కొత్త మైనంలో మళ్ళీ కూర్చోబెట్టడం.

ఇక్కడ మొదలైంది నిరీక్షణ. మేళం కట్టేవాళ్ళు హైదరాబాదులో బోర్డు పెట్టుకుని దొరకరు. మార్చిలో చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో ఒక వీణ కచేరీ అయ్యాక వేదిక వెనక్కి వెళ్ళి అడిగితే ఒక నంబరు దొరికింది. ఆయనది బొబ్బిలి వైపు. ఒక్క వీణ కోసం రారు, ఊళ్ళో నాలుగైదు కుదిరితే అన్నీ ఒకే రాకలో చూసుకుని వెళ్తారు. వీణని అక్కడికే పంపుదామని అడిగితే పార్సెల్ వాళ్ళు చెక్క పెట్టె కట్టడానికే వేలల్లో చెప్పారు. దారిలో ఏమైనా అయితే మాకు సంబంధం లేదని కూడా అన్నారు. వద్దనుకున్నాను. పోనీ వెంటనే వచ్చేస్తారా అంటే ఫోన్లోనే నవ్వారు మేస్త్రి గారు. "ఇదేటమ్మా, ఎండల్లో మేళం కడితే నిలబడతాదేటి? వానలు పడ్డాక వస్తాను" అన్నారు.

ఆ మాట ఎంత నిజమో మే నెలలో తెలిసింది. మాది పై అంతస్తు. తేనెమైనం కరగాలంటే 60 డిగ్రీలు దాటాలి గానీ మెత్తబడటానికి అంత అక్కర్లేదు. బయట 42 ఉన్న మధ్యాహ్నాలు వీణ మీది నల్లటి గట్లు నూనె రాసినట్టు మెరిసేవి. ఒకరోజు చూస్తే పై స్థాయిలో ఒక మెట్టు ఒక పక్కకి ఒరిగింది. అప్పటిదాకా శుభ్రంగా ఉన్న తారషడ్జం దగ్గర కొత్తగా జీర. ఏడుపొచ్చింది. తీగలు ఒక స్వరం కిందకి దించి, కింది వాటాలో ఉన్న పిన్నిగారింట్లో ఈశాన్యం గదిలో వీణని దాచాను, జూన్ రెండో వారం దాకా అక్కడే. కారులో వీణ పెట్టి బయట ఎండలో బండి వదిలేసి షాపింగ్‌కి వెళ్ళేవాళ్ళు ఈ పేరా రెండుసార్లు చదవండి. మూసిన కారులో ఎండవేళ వేడి మైనాన్ని కరిగించే దాకా పోగలదు.

జులై రెండో వారంలో మేస్త్రి గారు వచ్చారు. మల్కాజిగిరిలో రెండు వీణలు, సైనిక్‌పురిలో ఒకటి అయ్యాక నా వంతు. మా ఇంట్లోనే దిగారు. రాగానే అడిగినవి చూసి ఆశ్చర్యపోయాను: మళ్ళీ వంటకి పనికిరాకపోయినా ఫర్వాలేదనుకునే గిన్నె ఒకటి, నిమ్మకాయంత చింతపండు, పాత పంచె, పది రోజుల పేపర్లు.

పని మొదలుపెట్టే ముందు ప్రతి మెట్టూ నొక్కి, ప్రతి తీగా మీటి, గంటసేపు ఊరికే విన్నారు. తర్వాత మెట్లు ఒక్కొక్కటే పీకి, అట్ట మీద వరసగా అంకెలు వేసి పెట్టారు. పాత మైనాన్ని చాకు వీపుతో, చెక్కకి గీత పడకుండా, ఒలిచారు. దాన్నే కరిగించి పంచెలో వడకట్టి, కొత్త తేనెమైనం, మసి కలిపి పిసికారు. ఇల్లంతా మైనం వాసన, మూడు నాలుగు రోజులు పోలేదు. చింతపండు మెట్లు తోమడానికట. అరిగిన మెట్లు మార్చేస్తారేమో, దానికి ఎంతవుతుందో అని నేను లోపల లెక్కలు వేసుకుంటున్నాను. ఆయన గాడి పడ్డ మెట్లని కుడి ఎడమలు తిప్పేశారు. సారణి కింద ఉన్న గాడి అటు చివర అనుమంద్రం వైపుకి పోయింది, సారణి కిందకి కొత్త అంచు వచ్చింది. "కంచు బాగుందమ్మా, ఇప్పుడిలాటిది పోయట్లేదు, పారేయకండి" అన్నారు. మరీ లోతుగా ఉన్న ఒక్కటి మాత్రం ఆయన సంచిలోంచి వేరేది వేశారు. గాడిని ఆకురాయితో అరగదీయొచ్చు కదా అని అడిగాను. మెట్టు ఎత్తు తగ్గితే తర్వాతి మెట్టు ఎత్తవుతుంది, జీర అక్కడికి మారుతుంది తప్ప పోదన్నారు.

మెట్లు కూర్చోబెట్టే పనికి నిశ్శబ్దం కావాలి. మేమెన్నుకున్నది ఆషాఢం, బోనాల రోజులు! వీధిలో తీన్మార్ డప్పులు మొదలైతే ఇంట్లో మాటే వినపడదు, ఇక మెట్టు శ్రుతి ఏం తెలుస్తుంది. దాంతో ఆయన సాయంత్రం పడుకుని తెల్లవారుజామున నాలుక్కి లేచి కూర్చునేవారు. ఫ్యాను ఆపించారు, ఫ్రిజ్జు కూడా. ఫోన్లో తంబూరా యాప్ పెట్టుకుని, ముందు తారషడ్జం, పంచమం కుదుర్చుకుని, వాటిని బట్టి మిగతావి. తడి వేళ్ళతో మైనాన్ని ఒత్తి, మెట్టుని బొటనవేలితో వెంట్రుకవాసి జరిపి, మీటి, మళ్ళీ జరిపి. టార్చి లైటు పక్క నుంచి వేసి తీగకీ మెట్లకీ మధ్య వెలుగు గీత చూసేవారు. ఆ గీత బిరడాల వైపు సన్నగా మొదలై గుర్రం వైపుకి కొంచెం కొంచెంగా లావు కావాలి. మధ్యలో ఎక్కడా నలగకూడదు. ఇలా రెండు తెల్లవారుజాములు.

అంతా అయ్యాక కూడా సారణి మీద చిన్న రేకు మోత మిగిలింది. నా గుండె జారింది. రేకు అరిగిందన్న షాపాయన మాటే నిజమా? మేస్త్రి గారు గోటితో రేకు అంచు వెంబడి తడుతూ పోయారు. ఒకచోట బొళుకుమంది. అక్కడ లోపలి అంటు ఎండి పొడైపోయి, రేకుకీ కింది చెక్కకీ మధ్య గాలి చేరింది. తీగలు పూర్తిగా సడలించి, రేకుని వేడి చేసి లేపి, కింద శుభ్రం చేసి, లక్క కరిగించి మళ్ళీ పరిచారు. చల్లారాక మీటితే మోత లేదు. రేకు పైభాగాన్ని ఆయన మెత్తటి గుడ్డతో తుడవడం తప్ప ఏమీ చేయలేదు. ఆకురాయి సంచిలోంచి బయటికే రాలేదు. ఫిబ్రవరిలో ఆ షాపులో సరేనని ఉంటే మంచి రేకు అరిగిపోయేది, మోత మాత్రం అలాగే ఉండేది.

ఇంకో మాట కూడా చెప్పారు. ఇలాంటి చోట ఫెవిక్విక్కూ ఎరాల్డైటూ పోసిన వీణలు ఆయన దగ్గరికి వస్తుంటాయట. లక్క, మైనం అయితే వేడి చూపిస్తే వదులుతాయి. ఆ జిగుర్లు వేస్తే తర్వాత తీసేటప్పుడు చెక్క చీలిపోవచ్చు.

మంద్రం తీగ మీద, కింది గాంధారం దగ్గర, ఒక సన్నటి జీర మాత్రం ఇప్పటికీ ఉంది. దాన్నీ తీసెయ్యమని అడిగాను. "అది వదిలీండమ్మా. అది తీస్తే తీగ మూగదైపోతాది" అన్నారు. నాకు పూర్తిగా నమ్మకం కుదరక అత్తయ్యకి ఫోన్లో వినిపించాను. "అది మొదట్నుంచీ ఉన్నదేనే. దాని గురించి మా మాష్టారు నన్ను తిట్టేవారు కూడాను" అంది తాపీగా. ఆరు నెలల్లో ఈ ముక్క ఒక్కసారైనా ముందే చెప్పి ఉంటే ఎన్ని రాత్రులు కలిసొచ్చేవో!

లెక్క ఇది: మేళం కట్టడానికి మైనంతో కలిపి 9,000, రేకు పనికి 1,500, మార్చిన మెట్టుకి 300, తీగలకి 650, క్యాబులకి వెయ్యి పైన. వెళ్ళేటప్పుడు మేస్త్రి గారికి పంచెల చాపు పెట్టాం. ఆయన భోజనం, బస మా ఇంట్లోనే కాబట్టి అది లెక్కలోకి రాదు. గిన్నె ఒకటి పోయింది.

మేళం కట్టిన వెంటనే వాయించేయొచ్చని అనుకున్నాను. కుదరదు. పది రోజులు గమకాలు గట్టిగా లాగొద్దన్నారు, మైనం బిగుసుకునే లోపు మెట్టు పక్కకి జరిగే ప్రమాదం ఉంది. ఈ లోపు సరళీ స్వరాలతో సరిపెట్టుకున్నాను. వారం దాటాక రెండు మెట్లు వెంట్రుకవాసి కుంగాయి. అలా కావడం మామూలేనట, మల్కాజిగిరి వాళ్ళ వీణకీ అయ్యాయి. వాటిని సరిచెయ్యడానికి దసరా తర్వాత ఆయన మళ్ళీ వస్తున్నారు, దానికి డబ్బు తీసుకోరు. అప్పుడే బిరడాల పని కూడా చూడమన్నాను. పంచమం తీగ బిరడా వానాకాలంలో బిగుసుకుని, ఏసీ వేస్తే జారిపోతోంది. ప్రస్తుతానికి సుద్దముక్క రాసి నెట్టుకొస్తున్నాను. ఈ చుట్టుపక్కల ఇంకెవరి వీణకైనా మేళం కట్టించాల్సి ఉంటే అప్పటికి కలిసొస్తే ఆయనకీ ఒక రాకలో పని కుదురుతుంది.